వ్యాకరణానికి బొమ్మ గీయవచ్చునా?

పాఠం చెప్పేటప్పుడు బొమ్మలు వాడాలా వద్దా అన్నది బోధనాపద్ధతికి సంబంధించిన చిన్న విషయమనీ, దాన్ని శిక్షణ కళాశాలల వాళ్లకు వదిలిపెట్టి మనం పెద్ద విషయాలు మాట్లాడుకోవచ్చుననీ చాలామంది మిత్రులు అనుకుంటారు. నేనూ కొంతకాలం అట్లాగే అనుకున్నాను. కాని యెదిగిన మనిషికి భాష నేర్పేటప్పుడు, అందులోనూ వ్యాకరణం నేర్పేటప్పుడు, నల్లబల్ల మీద గీసే ప్రతి గీత వెనకా ఒక నైతిక ప్రశ్న వుందని యిప్పుడు నాకు తోస్తున్నది. ఆ ప్రశ్న యిది: నేర్చుకునేవాడికి సులభంగా అర్థం కావడంకోసం సగం నిజం చెప్పే హక్కు నేర్పేవాడికి వుందా? వుంటే, యెంతవరకు?

యీ ప్రశ్నను గాలిలో చర్చిస్తే లాభం లేదు గనుక, బాస్క్ భాషను ఆధారంగా తీసుకుంటాను. అందుకు రెండు కారణాలున్నాయి. వయోజనులు వేలసంఖ్యలో ఒక భాషను నేర్చుకోవడమనేది అక్కడ కేవలం చదువు కాదు, ప్రజా వుద్యమం. రెండోది, ఆ భాషావ్యాకరణం కొన్ని విషయాల్లో మన తెలుగుకు ఆశ్చర్యం కలిగించేటంత దగ్గర, మరికొన్నింటిలో బహుదూరం. అందువల్ల బొమ్మ దేన్ని చూపుతుందో, దేన్ని దాస్తుందో తెలుగు పాఠకుడు తన భాషతోనే సరిచూసుకోవచ్చు. నేను బాస్క్ మాట్లాడే వ్యక్తిని కాను. ముప్పయ్యేళ్లు దాటాక, పుస్తకాల సాయంతో, తప్పులు చేస్తూ నేర్చుకుంటున్నవాళ్లలో ఒకరిని మాత్రమే.

బాస్క్ ప్రజలు పిరెనీ పర్వతాల పడమటి కొసన, యేడు మండలాల్లో నివసిస్తున్నారు. నాలుగు మండలాలు స్పెయిన్‌లో వున్నాయి, మూడు ఫ్రాన్స్‌లో వున్నాయి. వారి భాష పేరు ఎవుస్కర. చుట్టూ వున్న స్పానిష్, ఫ్రెంచి భాషలతోగాని, లోకంలో మరే సజీవభాషతోగాని దానికి చుట్టరికం వున్నట్టు యింతవరకు రుజువు కాలేదు. ఆ భాషలో తొలి పుస్తకం 1545లో అచ్చయింది. 1936–39 అంతర్యుద్ధంలో గెలిచిన ఫ్రాంకో నియంతృత్వం ఆ భాషను బడినుంచీ కచేరీనుంచీ తరిమివేసింది. పిల్లలకు బాస్క్ పేర్లు పెట్టుకోవడాన్ని సైతం 1938లోనే నిషేధించింది. మాట్లాడినందుకు శిక్ష పడే భాషను బిడ్డకు నేర్పడానికి తల్లి భయపడటంలో వింత యేముంది? ఆ విధంగా ఒక తరానికి తరమే తాతల భాషకు పరాయిదయింది.

1966లో, నియంత యింకా బతికి వుండగానే, రికార్దో అర్రెగి అనే యువ పాత్రికేయుడు బాస్క్ భాషా అకాడమీ అండతో అక్షరాస్యతా వుద్యమం ప్రారంభించాడు. ఆయన 1969లో చిన్నవయసులోనే మరణించాడు, కాని వుద్యమం ఆగలేదు. పగలు ఫ్యాక్టరీలో, ఓడల నిర్మాణ కేంద్రంలో, ఆఫీసులో పని చేసినవాళ్లు సాయంత్రం ‘గవు ఎస్కొల’లకు, అంటే రాత్రిబళ్లకు, వచ్చేవారు. మండలానికొక యాసగా వున్న భాషకు 1968లో అరాంత్సాసు సమావేశంలో ఒక వుమ్మడి ప్రమాణరూపాన్ని ప్రతిపాదించారు. నియంత 1975లో చనిపోయాడు. 1979 శాసనంతో మూడు మండలాల స్వయంపాలిత ప్రాంతంలో బాస్క్ అధికారభాష అయింది. వయోజనులకు బాస్క్ నేర్పడంకోసం ప్రభుత్వ సంస్థ 1981లో యేర్పడింది. 2021 సర్వే నాటికి ఆ యేడు మండలాల్లోనూ కలిపి, 16 యేళ్లు నిండినవారిలో దాదాపు 8 లక్షలమంది బాస్క్ మాట్లాడగలరు. వారిలో తల్లి వొడిలో కాక తరగతిగదిలో నేర్చినవాళ్లు తక్కువేమీ కాదు.

యీ తరగతిగదుల్లోకి వచ్చిందెవరు? బిల్బావో చుట్టుపక్కల యినుపగనులూ వుక్కు ఫ్యాక్టరీలూ పెరిగినకొద్దీ గలీసియా, కాస్తిల్, ఎస్త్రెమదూరా, అందలూసియా ప్రాంతాలనుంచి బీదరైతులు కూలికోసం అక్కడికి వలసవచ్చారు. పంతొమ్మిదో శతాబ్దం చివర బాస్క్ జాతీయవాదానికి పునాదివేసిన సబీనో అరానా యీ వలసకూలీలను శత్రువులుగా చూశాడు. బాస్క్ అంటే రక్తమన్నాడు, వంశనామమన్నాడు. కాని ఆ భాషే ఆయనకు యెదురు సాక్ష్యం చెప్పింది. బాస్క్ మనిషిని ఆ భాషలో ‘ఎవుస్కల్దున్’ అంటారు. యెవరి బిడ్డ, యే వూరివాడు అన్న ప్రశ్న ఆ మాటలో లేదు. దాని అర్థం ‘ఎవుస్కర కలవాడు’ అని మాత్రమే. కలిగివుండడం పుట్టుకతో రావచ్చు, శ్రమతోనూ రావచ్చు. అందలూసియా కూలీ కొడుకు రాత్రిబడిలో కూర్చుని ఆ భాషను సంపాదించుకుంటే, నిఘంటువు ప్రకారమే అతడు ఎవుస్కల్దున్ అయినాడు.

అయితే సంపాదించుకోవడం సాధ్యమా? బాస్క్ నేర్చుకోవడం అసాధ్యమన్న అపవాదు పాతది. దయ్యం యేడేళ్లపాటు తలుపు వెనక నక్కి విని, ‘అవును’, ‘కాదు’ అనే రెండు మాటలు మాత్రమే నేర్చుకోగలిగిందని ఒక జానపదకథ వుంది. 1729లో లర్రమెంది అనే పండితుడు ఆ భాషకు అచ్చయిన తొలి వ్యాకరణం రాసి, దానికి ‘అసాధ్యాన్ని జయించడం’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. యీ అసాధ్యమనే మాట యిద్దరికి వుపయోగపడుతుంది. భాషను తొక్కేవాడు, ‘యెవరికీ రాని యీ మోటుభాష యెందుకు?’ అంటాడు. భాషను సొంత ఆస్తిగా దాచుకునేవాడు, ‘యిది మా రక్తంలో వుంది, మీకు రాదు’ అంటాడు. యిద్దరూ కలిసి మూసేది ఒకే తలుపును, వలసకూలీ ముందున్న తలుపును. అందుచేత వ్యాకరణాన్ని కంటికి కనపడేట్టు చేయడం అక్కడ బోధనాసౌకర్యం మాత్రమే కాదు. ఆ తలుపును తెరవడం.

సరే, కంటికి చూపడమంటే యెట్లా? ఆపిలుపండు బొమ్మ వేసి కింద దాని పేరు రాయడం ఒక పద్ధతి. కొమేనియస్ 1658లో బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చువేసిననాటినుంచీ పిల్లల చదువుకు అది మేలే చేసింది. కాని యినుము కరిగించి వచ్చిన నలభైయేళ్ల మనిషికి పిల్లిబొమ్మ చూపి ‘యిది పిల్లి’ అని నేర్పడంలో కొంత అవమానం వుంది. అతనికి కావలసింది పిల్లి కాదు. పిల్లికీ పాలకూ మధ్య వున్న సంబంధాన్ని ఆ భాష యెట్లా చెబుతుందన్నది కావాలి. వ్యాకరణమంటే సంబంధం. సంబంధానికి ఫోటో తీయలేం. రెండింటిని పక్కపక్కన పెట్టి తేడా మాత్రం చూపగలం.

ఒక వుదాహరణ చూద్దాం. తెలుగులో ‘మనిషి వచ్చాడు’, ‘మనిషి రొట్టె తిన్నాడు’ అంటాం. రెండు వాక్యాల్లోనూ ‘మనిషి’ మారలేదు. బాస్క్‌లో మొదటిది ‘గిసొన ఎతొర్రి ద’, రెండోది ‘గిసొనక్ ఒగియ యన్ దు’. తిన్న మనిషికి చివర ‘క్’ చేరింది, వచ్చిన మనిషికి చేరలేదు. హిందీ ‘నే’ తెలిసినవాళ్లకు కొంత పోలిక దొరుకుతుంది; అయితే హిందీలో అది జరిగిపోయిన పనికే పరిమితం, బాస్క్‌లో అన్ని కాలాల్లోనూ వస్తుంది. చిక్కు అంతటితో తీరలేదు. ‘గిసొనక్ ఎతొర్రి దిర’ అంటే ‘మనుషులు వచ్చారు’. యీ ‘క్’ బహువచనానికి చెందినది. చెవికి రెండూ ఒకటే. యిక్కడ సుద్దముక్క చేసే మేలును మరేదీ చేయలేదు. బహువచనపు ‘క్’ను ఒక రంగులో, కర్త ‘క్’ను మరో రంగులో రాసి, కర్తనుంచి రొట్టెవైపు ఒక బాణం గీస్తే, గంటసేపు వుపన్యసించినా దిగని విషయం నిమిషంలో దిగుతుంది. ‘బాణం యెవరినుంచి బయలుదేరుతుందో అతనికి క్’ అని విద్యార్థే సూత్రం చెబుతాడు.

కాని బాస్క్‌లో ‘నీళ్లు కాగాయి’ అనడానికి ‘ఉరక్ ఇరకిన్ దు’ అంటారు. నీళ్లకు ‘క్’ వచ్చింది. బాణం యెటు వెళ్లింది? నీళ్లు యెవర్నీ యేమీ చేయలేదు. కాచిందేమో పొయ్యి! ‘నాకు బాస్క్ తెలుసు’ అన్నా తెలిసినవాడికి ‘క్’ వస్తుంది. మన తెలుగు యిక్కడ ‘నాకు’ అని, తెలిసినవాణ్ణి పుచ్చుకునేవాడి స్థానంలో కూర్చోబెడుతుంది. బాస్క్ అతణ్ణి చేసేవాడి స్థానంలో నిలబెడుతుంది. తెలియడంలో బాణమెక్కడిది? అంటే, మనం గీసిన బొమ్మ చాలా వాక్యాలకు నిజం, కొన్నింటికి అబద్ధం.

యీ సంకటం నాకు పుస్తకంలో యెదురుకావడానికి ముందే తరగతిలో యెదురయింది. హైదరాబాదు శివార్లలో భవనాల పనికి వచ్చిన ఒడియా కార్మికులకు మేం కొందరం వుపాధ్యాయులం కొన్నాళ్లు సాయంత్రంపూట తెలుగు నేర్పాం. ద్వితీయావిభక్తి చెప్పడానికి నేను బల్లమీద బాణం గీసి, దాని మొనదగ్గర ‘ని’ అని రాశాను. ‘మేస్త్రీని పిలిచాను’ అన్నాను. అందరికీ అర్థమయింది. తర్వాత మాటల్లో ‘యిటుక తెచ్చాను’ అన్నాను. ముందువరసలో కూర్చున్న తాపీపనివాడొకడు చెయ్యెత్తి, ‘సార్, యిటుకకు బాణం తగల్లేదా?’ అని అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వి, ‘అది అంతే’ అన్నాను. అతను తలవూపి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ‘అది అంతే’ అనే రాసుకున్నాడేమో తెలియదు.

ఆ జవాబు నన్ను చాలారోజులు వదల్లేదు. నాకు సమాధానం తెలియక కాదు. తెలుగు సాధారణంగా ప్రాణమున్నవాటికి ‘ని’ చేర్చి, ప్రాణంలేనివాటికి వదిలేస్తుంది. యిది రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. పైగా ఒడియాలోనూ మనిషిని పిలిచేటప్పుడు ‘కు’ చేరుతుంది, యిటుక తెచ్చేటప్పుడు చేరదు. అంటే ఆ మనిషికి తన భాషలో అప్పటికే వున్న జ్ఞానాన్ని నేను అతనికి అందకుండా చేశాను. యెందుకు? నా బొమ్మ చెడిపోతుందని, పాఠం జటిలమవుతుందని, బహుశా, యింత సూక్ష్మమైన విషయం అతనికి అనవసరమని. యీ మూడో కారణం నేను వొప్పుకోవడానికి యిష్టపడనిది, అందుకే అది అసలు కారణమయి వుండాలి. ‘అది అంతే’ అన్నది యజమాని కూలీతో అనే మాట, అధికారి అర్జీదారుతో అనే మాట. అభ్యుదయం గురించి వుపన్యాసాలిచ్చే నేను సుద్దముక్క చేతపట్టుకుని అదే మాట అన్నాను.

యిక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. బోధన అంటేనే సరళీకరణ గదా, అన్ని మినహాయింపులూ మొదటిరోజే చెబితే యెవడు నేర్చుకుంటాడు, అని. యిందులో నిజముంది. దేశపటంలో ప్రతి చెట్టూ వుండదు, వుంటే అది పటం కాదు. కాని పటం మనల్ని మోసగించడంలేదు. యెందుకంటే దాని మూలలో కొలమానం వేసి వుంటుంది. యెంత వదిలిపెట్టిందో అది తానే చెబుతుంది. వ్యాకరణపు బొమ్మకూ అటువంటి కొలమానం వుండాలని నా వాదన. బాణం గీసిన రోజే, ‘కాగే నీళ్ల దగ్గర యీ బాణం పనిచేయదు, దాని సంగతి తర్వాత చూద్దాం’ అని ఒక్క వాక్యం చెబితే, సగం నిజం అబద్ధం కాకుండా పోతుంది. సగమని చెప్పిన సగం నిజం నిజమే. పూర్తి అని చెప్పిన సగం నిజం మోసం. చెప్పకపోతే యేమవుతుంది? నీళ్లు కాగిన రోజున విద్యార్థి బొమ్మను అనుమానించడు, తన బుద్ధిని అనుమానిస్తాడు. అసాధ్యమన్న పాత అపవాదు వెనకదారిన తిరిగివస్తుంది.

యింకో ఆక్షేపణ యిటునుంచి వస్తుంది. అసలు వ్యాకరణమెందుకు? పసిపిల్లలు వ్యాకరణం చదివి మాట్లాడుతున్నారా? వినండి, మాట్లాడండి, అదే వస్తుంది, అంటారు కొందరు. వినడానికి యిది ప్రజాస్వామికంగా వుంది. కాని పసిబిడ్డకు రోజంతా వుంది, తల్లి వుంది, వీధి వుంది. బిల్బావో కార్మికుడికి పని ముగిశాక మిగిలింది రెండు గంటలు. వీధిలో వినిపించేది స్పానిష్. అతనితో ‘వింటూ వుండు, వస్తుంది’ అనడం, నీళ్లులేనిచోట యీత నేర్చుకోమనడమే. సూత్రం తెలియనివాడు యెప్పుడూ పుట్టుకతో మాట్లాడేవాడి దయమీద ఆధారపడాలి. సూత్రం కంటికి కనిపిస్తే దాన్ని యెవడైనా సొంతం చేసుకోవచ్చు.

యిక సూత్రాలన్నీ కంఠస్థం చేయించే సంప్రదాయం మనకు కొత్తది కాదు. శబ్దమంజరి వల్లెవేసిన తరాలు మనవి. బాస్క్ నేర్చుకునే ప్రతివాడికీ తెలిసిన పట్టిక ఒకటుంది. దాని పేరు ‘నొర్–నొరి–నొర్క్’. మొదటిది ‘యెవరు లేక యేది’, రెండోది ‘యెవరికి’, మూడోది ‘క్’ చేరిన ‘యెవరు’, అంటే పని చేసినవాడు. తెలుగులో ‘నాన్నకు పుస్తకం యిచ్చాను’ అంటే, యిచ్చింది నేనన్న ఒక్క సంగతే క్రియలో కనపడుతుంది. బాస్క్‌లో ‘అయితరి లిబురువ ఎమన్ దియొత్’ అంటారు. ఆ ‘దియొత్’లో పుస్తకమూ వుంది, నాన్నా వున్నాడు, నేనూ వున్నాను. నీకు యిస్తే ‘దిసుత్’. నాన్నకు చాలా పుస్తకాలు యిస్తే ‘దిస్కియొత్’. మూడు పక్షాలు మారినకొద్దీ రూపం మారుతుంది గనుక, పట్టిక గోడంత అవుతుంది. దాన్ని చూసి గుండెజారి బడి మానేసేవాడుంటే అతణ్ణి తప్పుపట్టలేం.

ఆ పట్టికనే యింకోవిధంగా చూపవచ్చు. ‘దియొత్’ను ముక్కలుచేసి, పుస్తకానికొక రంగు, నాన్నకొక రంగు, నాకొక రంగు యివ్వండి. చివరి ‘త్’ నేను. నడుమనున్న ‘ఒ’ నాన్న. నాన్న తీసి నిన్ను పెడితే ‘సు’ వచ్చి ‘దిసుత్’ అయింది. యిప్పుడది గోడ కాదు. విప్పి బిగించుకోగల యంత్రం. ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషికి అది పరాయి విద్య కాదు. పట్టిక ఒకటే, గోడగా చూపితే భయపెడుతుంది, యంత్రంగా చూపితే పనికి పిలుస్తుంది. దృశ్యోపకరణం మంచిచెడ్డలు దాని రంగుల్లో లేవు. నేర్చుకునేవాణ్ణి అది ప్రేక్షకుణ్ణి చేస్తున్నదా, పనివాణ్ణి చేస్తున్నదా అన్నదే గీటురాయి.

యీ మాట అనగానే పావ్లో ఫ్రెయిరి గుర్తుకురాక తప్పదు. 1963లో బ్రెజిల్‌లోని అంజీకోస్‌లో 300 మంది కార్మికులకు సుమారు 40 గంటల్లో చదవడం రాయడం నేర్పిన పథకంలో ఆయన బొమ్మలే వాడాడు. అయితే అవి జవాబు చెప్పే బొమ్మలు కావు. వాళ్ల బతుకునే వాళ్లముందుంచి, ‘యిదేమిటి? యెందుకిట్లా వుంది?’ అని అడిగే బొమ్మలు. మరుసటి యేడు సైనిక కుట్రదారులు అధికారానికి రాగానే ఆయన్ను జైల్లో పెట్టారు, తర్వాత దేశం విడిచిపోవలసివచ్చింది. ప్రశ్న అడిగే బొమ్మ యెంత ప్రమాదకరమైనదో పాలకవర్గాలకు మనకంటె ముందే తెలుసు.

వ్యాకరణపు బొమ్మ కూడా ప్రశ్న అడగగలదు. బల్లమీద ఒక కొండా, ఒక దారీ గీయండి. బాస్క్‌లో కొండ ‘మెంది’. కొండకు ‘మెందిర’, కొండనుంచి ‘మెందితిక్’, కొండమీద ‘మెందియన్’, కొండదాకా ‘మెందిరైనొ’. తెలుగువాడికి పండగే, మన ప్రత్యయాల్లాగే పదం చివర ఒక్కొక్కటీ వచ్చి అతుక్కుంటుంది. యిప్పుడు కొండ తుడిచేసి ఆ చోట డాక్టరును నిలబెట్టి, ‘డాక్టరు దగ్గరికి వెళుతున్నాను’ అనమనండి. కొండకు పెట్టిన ప్రత్యయం డాక్టరుకు పెట్టకూడదు. ‘మెదికువరెన్‌గన’ అని నడుమ మరో ముక్క కావాలి. యెందుకు? తెలుగునే అడిగి చూడండి. ‘బజారుకు వెళ్లాను’ అంటాం. ‘డాక్టరుకు వెళ్లాను’ అనం, ‘డాక్టరు దగ్గరికి’ అంటాం. మనిషి చోటు కాదు. యీ తేడాను నేర్పేవాడు చెప్పనక్కరలేదు. కొండ తుడిచి మనిషిని పెట్టినప్పుడు పాతబాణం యెందుకు చెల్లదో నేర్చుకునేవాడే కనుక్కుంటాడు, బొమ్మను తానే తిరిగి గీస్తాడు. బొమ్మ విరిగిన చోటే పాఠం మొదలవుతుంది. నా తాపీపనివాడు చేసిందీ అదే. ఆనాడు పాఠం అతను చెప్పాడు, నేను వినలేదు. విద్య గరిపేవాడికీ విద్య అవసరమని మార్క్స్ 1845లోనే రాసుకున్నాడు. మనం దాన్ని సమాజానికి వర్తింపజేసినంత సులభంగా మన తరగతిగదికి వర్తింపజేయడం లేదు.

యే బొమ్మకూ లొంగని వ్యాకరణమూ కొంత వుంది. ‘నేను వచ్చాను’ అనడానికి బాస్క్‌లో ‘ఎతొర్రి నయిస్’ అంటారు. అదే మాట, ‘నువ్వు’ అని పిలవగల చనువున్న మగవాడితో అంటే ‘నవుక్’, ఆడమనిషితో అంటే ‘నవున్’. వాక్యం నా గురించి. వింటున్నవాడికి అందులో పనిలేదు. అయినా క్రియ అతనివైపు తిరిగి చూస్తుంది. యీ రూపాలను పట్టికలో రాయవచ్చు. కాని యెవరితో ఆ చనువు తీసుకోవచ్చునో, యెవరు నొచ్చుకుంటారో, యే పట్టికా చెప్పదు. అది ఆ మనుషుల మధ్య బతికి తెలుసుకోవలసిందే. బొమ్మ మనిషిని తలుపుదాకా తీసుకుపోగలదు, లోపలివాళ్లు రమ్మనాలి. కొత్తగా నేర్చినవాడు తడబడుతూ బాస్క్‌లో పలకరిస్తే పాతవాడు జాలిపడి స్పానిష్‌లో జవాబిస్తే, యెన్ని రంగుల సుద్దముక్కలూ అతణ్ణి ఎవుస్కల్దున్‌ను చేయలేవు. అక్కడినుంచి బాధ్యత బోధకుడిది కాదు, సమాజానిది.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానం యిది. వ్యాకరణానికి బొమ్మ గీయవచ్చు. యెదిగినవాళ్లకు నేర్పేటప్పుడు గీసితీరాలి కూడా, యెందుకంటే అది పుట్టుక హక్కును శ్రమ హక్కుగా మారుస్తుంది. కాని బొమ్మ యెక్కడిదాకా నిజమో ఆ రోజే చెప్పాలి. సుద్దముక్క నేర్చుకునేవాడి చేతికి యివ్వాలి. అతను బొమ్మను విరగ్గొడితే సంతోషించాలి. తెలియని చోట ‘నాకు తెలియదు, చూసి చెబుతాను’ అనాలి. ‘అది అంతే’ అన్న మాట మాత్రం యెన్నడూ అనకూడదు.

ఆ తాపీపనివాడికి సమాధానం చెప్పే అవకాశం నాకు రాలేదు. పని ముగిసి వాళ్లు మరో వూరికి వెళ్లిపోయారు. యిప్పుడు కాలేజీలో ద్వితీయావిభక్తి పాఠం వచ్చినప్పుడల్లా నేను బాణం గీసి, మేస్త్రీని పిలిచి, యిటుక తెచ్చి, అతని ప్రశ్ననే విద్యార్థుల ముందుంచుతున్నాను. ప్రతి యేడూ యెవరో ఒకరు సమాధానం కనుక్కుంటున్నారు.